మందారం గారు ఆరు నెలలు ఉంటారు

హైదరాబాదు చుట్టుపక్కల ఒక వ్యవసాయ విద్యాసంస్థ. అందులో జనం పన్నులతో కట్టిన ఒక ఉమ్మడి గ్రీన్‌హౌస్. దాంట్లో రెండో గది, తడి ప్యాడ్ల వైపు చల్లగా ఉండే చివరి బల్ల. ఆ బల్ల మీద ప్రస్తుతం ఒక ముద్దమందారం గారు మకాం పెట్టి ఉన్నారు. సంస్థ పేరు అడక్కండి. చెబితే ఇలా జరిగేది అక్కడ ఒక్కచోటేనని మీరు పొరపాటు పడతారు.

మందారం గారు ఏ ప్రాజెక్టు కిందా లేరు. ఏ విత్తన భాండాగారం నుంచీ రాలేదు. పెద్దసారూ మేడమ్ గారూ అమెరికాలో కూతురి పురుటికి వెళ్తూ, అక్కడివాళ్ళు ఉండనిచ్చేది ఆరు నెలలు కాబట్టి సరిగ్గా ఆరు నెలలకు, ఇంటి దగ్గర నీళ్ళు పోసే దిక్కు లేదని ఆఫీసు జీపులో పంపించారు. పక్కింటివాళ్ళకు అప్పజెబితే ఎండబెట్టేస్తారట. అందుకని పరిశోధనకు అప్పజెప్పారు.

గుమ్మం పక్కన గోడకు లామినేషన్ చేసిన నియమాల బోర్డు ఉంది. మొదటి నియమమే ఇది: బయటి మొక్కలు లోపలికి తేరాదు, తప్పనిసరి అయితే రెండు మూడు వారాలు విడిగా ఉంచి, పురుగూ తెగులూ లేవని తేలాకే లోపలికి తేవాలి. జీపు డ్రైవరు కుండీని మోయలేక మోస్తూ, ఊపిరి తీసుకోవడానికి ఆ బోర్డు కిందే దించాడు. ఒక కొమ్మ వాలి సరిగ్గా మొదటి నియమాన్ని కప్పేసింది. మిగతా నియమాలన్నీ స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నాయి కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు. ఉమ్మడి గ్రీన్‌హౌస్‌లో పరిశోధన మొక్కలు ఆరోగ్యంగా ఉండాలంటే ఏం చేయాలో మనకు పుస్తకాలున్నాయి, శిక్షణ తరగతులున్నాయి, తరగతుల చివర గ్రూపు ఫోటోలున్నాయి. లేనిదల్లా, ఆ గ్రీన్‌హౌస్‌లో ఒక పెద్దమనిషి ఇంటి మొక్క దిగాక ఏం చేయాలన్న మార్గదర్శకం. ఆ లోటు తీర్చడానికే ఈ చిన్న ప్రయత్నం.

ముందు వారి వెంట వచ్చిన బలగాన్ని పరిచయం చేయాలి. మందారం ఆకును పైనుంచి చూస్తే పచ్చగా, నున్నగా, ప్రభుత్వ నివేదిక ముఖచిత్రానికి పనికొచ్చేలా ఉంటుంది. తిప్పి చూడండి. ఈనెల వెంబడి పిండి చల్లినట్టున్నది పిండినల్లి. దాని చుట్టూ బారులు తీరినవి చీమలు. పిండినల్లి విసర్జించే తీపి జిగురు కోసం అవి కాపలా కాస్తాయి, దాన్ని తినే పురుగుల్ని తరిమేస్తాయి. ఆ జిగురు కింది ఆకుల మీద పడి, దాని మీద నల్లటి మసి బూజు పెరుగుతుంది. ఇక ఆకుకు అతుక్కుని, కదలకుండా, లేత పసుపులో కనిపించే పొలుసులున్నాయే, అవి తెల్లదోమ పిల్లలు. కొమ్మను చిటికెన వేలితో తట్టితే చాలు, పెద్దవి తెల్లగా ఒక్కసారి లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ అక్కడే వాలతాయి. కొన్ని మాత్రం పక్క బల్ల మీద వాలతాయి.

పక్క బల్ల ఒక పీహెచ్‌డీ అమ్మాయిది. మిరప. ఆకుముడత వైరస్‌ను తట్టుకునే మొక్కల్ని ఏరే పని. తట్టుకునే రకాన్నీ తట్టుకోలేని రకాన్నీ సంకరం చేసి, ఆ సంకరం తాలూకు రెండో తరం మొక్కల్ని వందల్లో పెంచి, ఒక్కోదానికి లెక్కపెట్టిన తెల్లదోమల్ని వదిలి, ఏది ముడుచుకుందో ఏది నిలబడిందో రాసుకోవాలి. పక్కనే పురుగు సోకని మొక్కలు కొన్ని పోలిక కోసం ఉండాలి. ఆ పోలిక మొక్కలు శుభ్రంగా ఉంటేనే మిగతా లెక్కకు అర్థం. అవి ముడుచుకున్న రోజున ఆ అమ్మాయి నోటుబుక్కులోని రెండు సీజన్ల అంకెలు పకోడీ పొట్లానికి తప్ప ఎందుకూ పనికిరావు.

అయితే తెల్లదోమ ఒక్కటీ వచ్చి ఏం చేస్తుంది, దానికి వైరస్ కూడా దొరకాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. సంస్థ ఆ ఏర్పాటు కూడా చేసింది. ఎదురు మూలలో డిగ్రీ పుచ్చుకుని, పెళ్ళి చేసుకుని, ఎక్కడో విత్తన కంపెనీలో స్థిరపడిపోయిన ఒక పాత స్కాలరు టమాటాలున్నాయి. ఆకులన్నీ పైకి ముడుచుకుని, గిడసబారి, వైరస్‌తో నిండా మునిగి ఉన్నాయి. పారేయొచ్చు కదా అంటే, "వాళ్ళ గైడు గారికి పేపరు రివిజను వస్తే మళ్ళీ కావాల్సి వస్తాయేమో" అంటారు. లేబుళ్ళ మీద మార్కరు రాతలు ఎండకు వెలిసిపోయి ఏ మొక్క ఏదో ఆయనకే తెలియదు. పెన్సిలుతో రాసి ఉంటే నిలిచేది. ఏదైతేనేం, టమాటాల్లో వైరస్, మందారం మీద దోమ, మధ్యలో మిరప. పెళ్ళికి ముహూర్తం తప్ప అన్నీ కుదిరాయి. వెచ్చగా ఉంటే తెల్లదోమ గుడ్డు నుంచి పెద్దదవడానికి మూడు వారాలు చాలు. ఒకసారి వైరస్ ఎక్కించుకున్న దోమ దాదాపు బతికున్నంత కాలం పంచుతూనే ఉంటుంది. మందారం గారికి ఆరు నెలల గడువుంది. లెక్క మీరే వేసుకోండి.

అన్నట్టు, ఈ గ్రీన్‌హౌస్‌కు రెండు తలుపులున్నాయి. ఒకటి మూశాకే రెండోది తీయాలి, మధ్యలో నిలబడి బట్టలు దులుపుకోవాలి, కాలు మందు నీళ్ళ తొట్టిలో ముంచాలి. తొట్టిలో ప్రస్తుతం నీళ్ళు లేవు, ఒక చీపురుంది. తలుపులు రెంటికీ అడ్డంగా చెరో ఇటుక ఉంది. "ఊరికే తీసి మూసి తీసి మూసి ఎక్కడ చస్తాం సార్, చేతిలో ట్రేలుంటే?" అని అడిగాడు ఒక కుర్రాడు. న్యాయమే. కానీ ఇంకో సంగతి ఎవరూ చెప్పుకోరు. ఈ చివర ఫ్యాన్లు గాలిని బయటికి లాగుతుంటే, ఆ చివర తడి ప్యాడ్లలోంచి చల్లగాలి లోపలికి రావాలి. గాలికి సంస్థ నియమావళి తెలీదు. దారి ఎక్కడ సులువైతే అక్కడ దూరుతుంది. తలుపు తెరిచి ఉంటే ప్యాడ్లను వదిలేసి, బయటి నలభై రెండు డిగ్రీల వేడిని, ఆ వేడితోపాటు దుమ్మునూ పురుగునూ వెంటేసుకుని గుమ్మంలోంచే వస్తుంది. మే నెలలో మిరప పూత జలజలా రాలుతుంటే "ఈ వెరైటీకి హీట్ టాలరెన్స్ లేదండీ" అని రాసుకున్న థీసిస్‌లు ఎన్ని ఉన్నాయో. ఆ ఇటుకలకు సహరచయితల హోదా ఇవ్వాల్సింది.

ఇక మందారం గారి సమస్య మీద వేసిన కమిటీ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మిరప అమ్మాయి ధైర్యం చేసి ఒక అర్జీ రాసింది. "ఒక అలంకరణ మొక్క మీద తెల్లదోమ, పిండినల్లి గమనించడమైనది" అని ఎవరినీ నొప్పించకుండా రాసింది. కర్త లేని వాక్యాలు రాయడం మన పరిశోధనలో మొదటి శిక్షణ. సమావేశం పెట్టారు. ఉస్మానియా బిస్కెట్లు, చాయ్ వచ్చాయి. ఎజెండాలో అంశం పేరు "గ్రీన్‌హౌస్ మొక్కల ఆరోగ్య పరిరక్షణ". మందారం అనే మాట ఎక్కడా లేదు.

కీటకశాస్త్రం సారు మొదలుపెట్టారు. సమస్య వైరస్ వల్ల కాబట్టి అది తెగుళ్ళ విభాగానిది. తెగుళ్ళ విభాగం మేడమ్ గారు చిరునవ్వు నవ్వి, వైరస్‌ను మోసేది పురుగు కాబట్టి అది కీటకశాస్త్రానిదన్నారు. ఉద్యానం సారు, మందారం పూలమొక్క కాబట్టి దాని ఆరోగ్యం పుష్పశాస్త్రం చూడాలి, మా దగ్గర ఆ పోస్టు ఖాళీగా ఉంది అన్నారు. కొత్త రకాలు పుట్టించే ప్రజననం సారు బిస్కెట్ చాయ్‌లో ముంచి, అది విరిగి కప్పులో పడేసరికి మాట్లాడే అవకాశం కోల్పోయారు. కాసేపటికి తేరుకుని, కుండీని బయట నీడలో పెడితే పోతుంది కదా అన్నారు. గదిలో నిశ్శబ్దం ఆవరించింది. అందరూ ఆయన్ని జాలిగా చూశారు. ఆయన ప్రమోషను ఇంటర్వ్యూ వచ్చే ఏడాది.

ఆదుకున్నది స్టోర్స్ ఇన్‌ఛార్జి గారు. కుండీ బయటికి పోవాలంటే గేటు పాసు కావాలి. గేటు పాసు ఇవ్వాలంటే ఆ వస్తువు లోపలికి వచ్చినట్టు ఇన్‌వర్డ్ రిజిస్టర్లో ఉండాలి. ఉందా? లేదు. లేని వస్తువును బయటికి పంపితే ఆడిట్ వాళ్ళు ఊరుకుంటారా? ఊరుకోరు. అయితే ఇప్పుడు ఎక్కిద్దామా? వెనకటి తేదీ వేస్తే నేరం, ఇవాళ్టి తేదీ వేస్తే పెద్దసారు దేశంలో లేని రోజున ఆయన మొక్కను ఎవరు తెచ్చారన్న ప్రశ్న వస్తుంది. ఎంత ఆలోచించినా తేలిందేమిటంటే, రికార్డుల ప్రకారం మందారం అక్కడ లేదు. లేని మొక్కకు పురుగు ఉండదు. లేని పురుగు వల్ల మిరప పాడవదు. అందుచేత మిరప పాడైందంటే, పెంచిన మనిషి అశ్రద్ధే కారణం అయి ఉండాలి.

తీర్మానాలు రెండు. పసుపు జిగురు అట్టల సంఖ్య పెంచవలెను. సమస్యను ఆరు నెలల తర్వాత సమీక్షించవలెను.

అట్టలు కట్టారు. మంచిదే. పసుపు రంగుకు తెల్లదోమ వస్తుంది, అంటుకుంటుంది. కానీ ఆ అట్ట పురుగును అంతం చేసేది కాదు, లెక్కపెట్టేది. మొక్కల తల ఎత్తున కట్టి, వారం వారం ఎన్ని పడ్డాయో రాసుకుని, సంఖ్య పెరిగితే ఎక్కడ నుంచి వస్తోందో వెతకాలి. మనవాళ్ళు వాటిని కప్పుకు దగ్గరగా, దసరాకు తోరణాలు కట్టినంత శ్రద్ధగా కట్టారు. తేదీ రాసే చోట ఎవరూ ఏమీ రాయలేదు. వెతకడానికి పోతే మందారం దగ్గర తేలతాం కదా, అందుకు.

తర్వాత ఒక ముఖ్య అతిథి వచ్చారు. ఉమ్మడి గ్రీన్‌హౌస్‌లో సందర్శకులకు ఒక క్రమం ఉండాలంటారు. ఉదయాన్నే స్నానం చేసి, ఉతికిన బట్టలతో ముందు గ్రీన్‌హౌస్, ఆ తర్వాతే పొలం. శుభ్రమైన చోటు నుంచి పురుగున్న చోటుకు పోవాలి గానీ అటు నుంచి ఇటు రాకూడదు. పసుపు బట్టలు వేసుకోకూడదు, దోమా తామరపురుగూ పూలనుకుని ఎక్కి స్వారీ చేస్తాయి. మన క్రమం వేరు. ముందు పత్తి పొలం, తర్వాత వంగ తోట, చివర్న చల్లగా ఉంటుందని, చాయ్ ఇక్కడే అని గ్రీన్‌హౌస్. గుమ్మంలోనే మెడలో పసుపు శాలువా. ఆయన వెనక పదిహేనుమంది, వాళ్ళ వెనక ఫోటోగ్రాఫరు.

అతిథి గారు మిరప బల్లలన్నీ దాటి నేరుగా మందారం ముందు ఆగారు. ఆ రోజు మందారం గారు ఏడెనిమిది పూలు విచ్చుకుని ఉన్నారు. "ఇది మీరు కొత్తగా డెవలప్ చేసిందా?" అని అడిగారు. ఇన్‌ఛార్జి గారు తల ఊపారు. ఊపడం అంటే అవునా కాదా అన్నది ఆయన ఇష్టానికి వదిలేశారు. ఒక పూవు తుంచి అక్కడున్న ఒక మేడమ్‌కు ఇచ్చారు. ఫోటో తీశారు. మర్నాడు జిల్లా పేజీలో వచ్చింది. ఫోటోలో అతిథి గారి భుజం మీద పసుపు శాలువా, శాలువా మీద పోల్చుకోగలిగినవాళ్ళకు కనిపించే తెల్లటి చుక్కలు. ఆ శాలువా ఆ సాయంత్రం ఏ నర్సరీ ప్రారంభోత్సవానికి వెళ్ళిందో ఆ భగవంతుడికెరుక.

చిన్నచిన్నవి ఇంకా చాలా ఉన్నాయి. గొట్టం చివర నేల మీద పడేసి, అదే గొట్టంతో నారుకు నీళ్ళు పడతారు, తర్వాత నారుకుళ్ళు ఎందుకొచ్చిందని మట్టి పరీక్షకు పంపుతారు. కుండీ ఎత్తి బరువు చూస్తే నీళ్ళు కావాలో వద్దో తెలుస్తుంది. మనం మాత్రం వేలు తడవకుండా, పొద్దున ఒకరూ సాయంత్రం ఒకరూ, శుక్రవారం అయితే రెండు రోజుల సరుకు కలిపి ఒకేసారీ పోస్తాం. శనాదివారాలు వేళ్ళు ఊపిరాడక కుళ్ళుతుంటే, పైన మట్టిలో చిన్న నల్ల ఈగలు పిల్లల్ని కంటుంటాయి. ఇంకొకాయన బీడీ ఆర్పి, చేతులు కడక్కుండా వచ్చి మిరప చిగుళ్ళు తుంచుతాడు. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులోనూ ఏళ్ళ తరబడి బతుకుతుంది, చేతి నుంచి మొక్కకు ఎక్కుతుంది, మిరపక్కూడా. సబ్బు ముక్క ఒకటి కొనడానికి కొటేషన్లు మూడు కావాలి.

రాత్రి దీపాల సంగతైతే చెప్పనే అక్కర్లేదు. అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు ఒక రకం పొగాకు వేసవి పొలంలో ఎంత పెరిగినా పూయక, చలికాలం గ్రీన్‌హౌస్‌లో పూస్తుంటే ఎందుకా అని తల బద్దలు కొట్టుకుని, మొక్కల్ని రోజూ చీకటి గదిలోకి మోసుకెళ్ళి మోసుకొచ్చి, పూతను నడిపేది పగలూ రాత్రీ ఎంత పొడుగన్న సంగతే అని 1920లో ప్రకటించారు. వందేళ్ళు దాటింది. మన దగ్గర కంది మీద పని చేసే కుర్రాడు తన మొక్కలు ఎందుకు పూతకు రావడం లేదో తెలియక ఎరువు మార్చాడు, మట్టి మార్చాడు, తిరుపతికి మొక్కుకున్నాడు. కందికి మధ్యలో వెలుగు పడని పొడుగు రాత్రి కావాలి. వాచ్‌మన్ రోజూ రాత్రి పదకొండింటికి లోపల లైట్లేసి, ఫోను ఛార్జింగు పెట్టుకుని, కాసేపు క్రికెట్ చూసుకుంటాడు. అతన్నీ తప్పు పట్టలేం. అతని గదికి ప్లగ్ పాయింటు మంజూరు కాలేదు.

బల్లల కింద కలుపు గురించి నేను అడిగితే ఒకాయన నవ్వాడు. "గడ్డే కదండీ." ప్యాడ్ల దగ్గర తేమకు వయ్యారిభామ నడుమెత్తు పెరిగి పూతకొచ్చి ఉంది. 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లాలో వేరుశనగను కాండం కుళ్ళు వైరస్ తెగులు తుడిచిపెట్టింది గుర్తుందా? దాదాపు 2.25 లక్షల హెక్టార్లు, 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం. ఆ వైరస్‌ను లోలోపల దాచుకుని, తనకేమీ కానట్టు పచ్చగా నిలబడింది ఈ వయ్యారిభామే. దాని పుప్పొడిని వేరుశనగ మీదకు మోసుకొచ్చింది తామరపురుగు. ఈ విషయం తేల్చింది మన శాస్త్రవేత్తలే, పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌తో కలిసి. పరీక్షలో ప్రశ్నగా వస్తే పిల్లలంతా పది మార్కుల జవాబు రాస్తారు. రాసి, వచ్చి, ఆ మొక్క పక్కనే సంచి తగిలించుకుంటారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు.

అతిథి గారి ఫోటో చూసి ఎవరో పైనుంచి అడిగారట, ఆ తెల్ల చుక్కలేమిటని. సాయంత్రం నాలుగింటికి హుకుం వచ్చింది: మొత్తం గ్రీన్‌హౌస్‌కు మందు కొట్టించండి. కొట్టింది అవుట్‌సోర్సింగు మీద ఉన్న మనిషి. మూతికి తువ్వాలు, కాళ్ళకు చెప్పులు. చేతులకు ఏమీ లేవు. డబ్బా మీద ఎర్ర త్రిభుజం ఉంది. దానర్థం అత్యంత విషం అని మనందరికీ తెలుసు. అతనికి ఎవరూ చెప్పలేదు. నాలుగు గోడల మధ్య, తలదాకా పొగమంచు. తలుపు మీద "మందు కొట్టడమైనది, ఫలానా సమయం దాకా లోపలికి రావద్దు" అని కాగితం ముక్క అంటించే తీరిక ఎవరికీ లేకపోయింది. మర్నాడు తెల్లవారుజామున నీళ్ళు పట్టే అక్క ఎప్పటిలాగే లోపలికి పోయింది. తల తిరిగి, వాంతులై, బల్ల కాలు పట్టుకుని కూలబడింది. మిరప అమ్మాయే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆటో డబ్బులు కూడా ఆ అమ్మాయే ఇచ్చింది.

పురుగు మందుతో పనిచేసేవాళ్ళకు రక్షణ దుస్తులు ఇవ్వాలని 1971 నాటి నిబంధనల్లోనే ఉంది. యాభై ఏళ్ళు దాటింది. పసుపు శాలువాకు బిల్లు పాసవుతుంది, గ్లౌజులకు కాదు. ఊరూరా తిరిగి రైతుకు "మాస్కు కట్టుకో, గాలివాటున కొట్టు, డబ్బా మీద రంగు చూడు" అని పాఠాలు చెప్పే సంస్థ, తన ఇంట్లో పనిచేసే మనిషికి అరజత చేతి తొడుగులు ఇవ్వలేకపోయింది. ఇది అజాగ్రత్త కాదు. ఆ మనిషి ప్రాణానికి విలువ లేదని అనుకోవడం. ఇంకో మాట పెట్టడం నాకు చేతకాదు.

ఆ గ్రీన్‌హౌస్‌లో ఏ మొక్కకు ఏం కావాలో తెలిసిన మనిషి ఎవరైనా ఉన్నారంటే ఆ అక్కే. ఆకు చూసి చెబుతుంది, నీళ్ళెక్కువయ్యాయో ఎర్రనల్లి పడిందో. మందారం దిగిన వారానికే అమ్మాయితో అంది: "గా పూలచెట్టు మంచిది కాదు బిడ్డా, ఆకు తిప్పి చూడు. నేను తీసి బయట పెడుదునే గాని, పెద్దసారుదంట. ఏమన్నయితే నా కూలి పోతది." కూలి అంటే, ఏజెన్సీ వాడు మూడు నెలలకొకసారి ఇచ్చేది. కమిటీలో ఆరుగురు డాక్టరేట్లు బిస్కెట్లు తిని తేల్చలేనిది ఆమె ఒక్క ఆకు తిప్పి తేల్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు.

ఆ మందుకు తెల్లదోమ పోయిందా అంటే, ఎగిరేవి కొన్ని పోయాయి. ఆకు కింద అతుక్కున్న పిల్లలకు, గుడ్లకు ఏమీ కాలేదు. పురుగును తినే పురుగులు మాత్రం శుభ్రంగా పోయాయి. రెండు వారాలకు దోమ మళ్ళీ లేచింది, తోడుగా ఎర్రనల్లి విజృంభించింది.

ఇదంతా ఎవరి కోసం అని మరిచిపోయాం కదా. 2021-22 సీజన్‌లో నల్ల తామరపురుగు మిరప పూల మీద పడ్డప్పుడు ఖమ్మంలో, మహబూబాబాద్‌లో, పల్నాడులో చేలకు చేలు పీకేసి దున్నేశారు. ఎకరానికి లక్షకు పైగా పెట్టుబడి, కౌలు దానికి అదనం. అప్పు తీర్చే దారి లేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. ఆ రోజుల్లో టీవీల్లో కూర్చుని "తట్టుకునే రకాల మీద పరిశోధన జరుగుతోంది" అని చెప్పింది మనమే. జరుగుతోందా? ఆ పరిశోధన జరిగే చోటు ఇదే. ఈ బల్లలే. ఈ తలుపులే. నిలబడే మొక్క ఒక్కటి ఆ వందల్లో ఉండి ఉంటే, ఏది నిజంగా నిలబడిందో ఏది ఊరికే తప్పించుకుందో చెప్పలేని పరిస్థితి తెచ్చిపెట్టాం. ఎందుకయ్యా అంటే, ఒక కుండీని పది అడుగులు జరపమని చెప్పడానికి ఎవరికీ నోరు పెగల్లేదు. పెద్దసారు వాట్సాప్‌లో ఉన్నారు. "సార్, మొక్క బయట నీడలో పెడుతున్నాం" అని ఒక్క మెసేజ్. చదువుకున్నాయనే, పంట రోగాల మీద పాఠం చెప్పినాయనే, సరే అనేవారేమో. అడిగితే కదా!

నా మిత్రుడొకడు, ఇంకో సంస్థలో గ్రీన్‌హౌస్ చూస్తాడు. అక్కడా సబ్బు కొనడం కష్టమే, జీతాలు ఆలస్యమే. కానీ అతను వచ్చిన మొదటి నెల చేసిన పని ఒకటుంది. ప్రతి బల్లకూ మనిషి పేరు, ఫోను నంబరు, మొక్కలు తీసేసే తేదీ రాసిన చీటీ. తేదీ దాటితే ఒక ఫోను, వారం ఆగి చెత్తకుప్ప. ఎవరి గైడు ఎవరైనా సరే. ఒకసారి ఒక డీన్ గారి కరివేపాకు మొక్కను గుమ్మం బయటే ఆపి, రోజూ తనే నీళ్ళు పోసి, తిరిగి అప్పజెప్పాడు. అతనికి ఆ ఏడాది ఇంక్రిమెంటు రాలేదు. మొక్కలు బావున్నాయి.

ఇక్కడ మిరప అమ్మాయి ప్రయోగం మళ్ళీ విత్తనం దగ్గర మొదలుపెట్టాలి. ఫెలోషిప్ గడువు అయిపోతోంది కాబట్టి పొడిగింపు దరఖాస్తు పెట్టుకోవాలి. ఫారంలో "ఆలస్యానికి కారణం" అని ఉంది. మూడు గడులు: అనారోగ్యం, ప్రసూతి, ప్రకృతి వైపరీత్యం. ఇతరములు అన్న గడి లేదు. అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. ప్రసూతి అని టిక్ పెడితే అబద్ధం కాదు, పురుడు వల్లే ఇదంతా, కాకపోతే పురుడు వేరేవాళ్ళది. గైడు గారు వద్దన్నారు. చివరకు ప్రకృతి వైపరీత్యం మీద టిక్ పెట్టింది.

దరఖాస్తు నాలుగో రోజున తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో ఒక వాక్యం: "సంబంధిత తహసీల్దారు గారి ధ్రువపత్రము జతపరచి తిరిగి సమర్పించవలెను."